మ్యాచ్ లేని రోజుల మేనేజర్

విశాఖలో మా ఎంవీపీ కాలనీ వాకర్స్ వాట్సాప్ గ్రూపులో ఆమధ్య ఎవరో ఒక పేపర్ క్లిప్పింగ్ పెట్టారు. మధురవాడ వైపున్న ఒక స్పోర్ట్స్ క్లబ్బుకి కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడని నాలుగు లైన్ల వార్త. "ఆతిథ్య, క్రీడా రంగాల్లో విశేష అనుభవం" ఉన్నవాడని రాశారు. ఆయన నాకు బాగా తెలుసు. ఒకప్పుడు బీచ్ రోడ్డులో ఒకే హోటల్లో ఇద్దరం ట్రైనీలం. నేను కొన్నాళ్లకే ఆ పని మానేసి బ్యాంకులో పడ్డాను, అతను మానలేదు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి ఇక్కడ మావాడు అనే అంటాను.

అభినందనల మధ్యలో మా మాస్టారి మెసేజ్ ఊడిపడింది. ఆయన కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వాలీబాల్ మనిషి. "బంతి పట్టడం రానోడికి క్లబ్బు అప్పజెప్పినారు. రేపట్నుంచి షటిల్ కోర్టులో బఫేలే" అని రాశారు. దానికి నవ్వు బొమ్మలు బోలెడు పడ్డాయి. నేను జవాబు టైపు చేయడం మొదలుపెడితే అది ఎంతకీ తెమల్లేదు. పొద్దున్నే నడిచే వాళ్ల ఫోన్లలోకి అంత కుక్కడం ఎందుకని ఇక్కడికి తెచ్చాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టేడియమో, క్లబ్బో, లీగో నడపడానికి మాజీ ఆటగాడికన్నా హోటల్లో పెరిగినవాడే మెరుగు. మాస్టారి భయం ఉత్తది కాదని కూడా ఒప్పుకుంటాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తేల్చుకోవడానికే ఇదంతా.

బంతి పట్టడం సంగతి ముందు వదిలించుకుందాం. కోల్‌కతా నైట్ రైడర్స్‌ని ఏళ్ల తరబడి నడుపుతున్న వెంకీ మైసూర్ బీమా కంపెనీల నుంచి వచ్చిన మనిషి. ఆ జట్టు 2012లో, 2014లో, 2024లో కప్పు కొట్టింది. బీమా అమ్మినవాడు ఐపీఎల్ జట్టు నడిపితే ఎవరికీ అభ్యంతరం లేదు. గది తాళాలిచ్చినవాడు కోర్టులు నడిపితే మాత్రం నవ్వొస్తుంది. ఈ నవ్వులో ఆట మీద ప్రేమకన్నా హోటల్ పని మీద చిన్నచూపే ఎక్కువుందని నా అనుమానం. మావాడికి సంబంధాలు చూసే రోజుల్లో వాళ్ల నాన్నగారు "ప్రైవేటు కంపెనీలో ఆఫీసర్" అని చెప్పేవారు. హోటల్ అంటే అవతలివాళ్లు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచేవారు మరి.

బ్రేక్ షిఫ్టు చదువు

హోటల్లో బ్రేక్ షిఫ్టు అని ఒకటుంటుంది. పొద్దున టిఫిన్ల వేళకి వచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లి, మళ్లీ సాయంత్రం వచ్చి రాత్రి ఆఖరి టేబుల్ లేచేదాకా ఉండాలి. మధ్యలో దొరికే మూడు నాలుగు గంటల్లో గాజువాకలో ఇంటికి వెళ్లి రావడం అయ్యే పని కాదు. అందుకని మాలో చాలామంది లాకర్ రూములోనే నడుం వాల్చేవాళ్లు. మావాడు ఆ టైములో రిజర్వేషన్ డెస్క్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఏ గది ఎందుకు ఖాళీగా ఉంది, ఏ పార్టీ ఎందుకు రాలేదు అని అడుగుతూ వాళ్ల ప్రాణాలు తోడేసేవాడు.

ఆ డెస్క్ నేర్పేది ఒకటే విషయం. ఈ రాత్రి అమ్ముడుపోని గది రేపటికి మిగలదు. గోడలు అక్కడే ఉంటాయి గానీ ఈ రాత్రి పోయిందంటే పోయినట్టే. హోటల్లో ఓవర్‌బుకింగ్ చేసినా, ఆఖరి నిమిషంలో రేటు తగ్గించినా, పెళ్లివాళ్ల చేత ఇన్ని ప్లేట్లని గ్యారంటీ రాయించుకున్నా, అన్నిటి వెనకా ఉండేది ఈ భయమే. షటిల్ కోర్టు కూడా అచ్చం ఇంతే. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఎవరూ రాకపోతే ఆ గంట చచ్చిపోయినట్టే. ఏసీకి, లైట్లకి, వాచ్‌మన్‌కి ఇచ్చేది మాత్రం తగ్గదు.

మన ఊరి స్టేడియం సంగతే చూడండి. పీఎం పాలెంలో ఏసీఏ-వీడీసీఏ క్రికెట్ స్టేడియం అనగానే 2005లో పాకిస్థాన్ మీద ధోని కొట్టిన 148, 2018లో కోహ్లీ వన్డేల్లో పది వేల పరుగులు దాటిన రోజు, 2019లో ఓపెనర్‌గా దిగిన మొదటి టెస్టులోనే రోహిత్ కొట్టిన రెండు సెంచరీలు గుర్తొస్తాయి. 2025 ఈ ఊరికి పండగ లాంటి ఏడాది. రెండు ఐపీఎల్ మ్యాచ్‌లు, మహిళల ప్రపంచ కప్‌లో ఐదు, ఏడాది చివర దక్షిణాఫ్రికాతో వన్డే, శ్రీలంకతో మహిళల టీ20లు. అన్నీ కలిపినా పది దగ్గరే ఆగుతాయి. ఏడాదికి మిగతా మూడొందల యాభై రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో కూడా గడ్డికి నీళ్లు పెట్టాలి, కుర్చీలు తుడవాలి, మరుగుదొడ్లు పని చేయాలి. మ్యాచ్ రోజు పోలీసులు, బోర్డు, టీవీవాళ్లు అందరూ వచ్చి నిలబడతారు. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది మేనేజరే. అందుకే ఈ వృత్తిలో మనిషిని కొలవాల్సింది మ్యాచ్ లేని రోజుల లెక్కతో అంటాను. ఆ లెక్క తెలిసినవాడు హోటల్లో దొరుకుతాడు.

2016 వేసవి, మూఢం

మహారాష్ట్రలో కరువని, ఏప్రిల్ 30 తర్వాత అక్కడ ఐపీఎల్ ఆడొద్దని ఆ ఏడాది ఏప్రిల్ మధ్యలో బాంబే హైకోర్టు చెప్పింది. ముంబయి, పుణె జట్లు రెండూ చివరికి విశాఖనే సొంతూరుగా ఎంచుకున్నాయి. మే 8 నుంచి 21 దాకా ఆరు మ్యాచ్‌లు. ఆఖరి రోజున చివరి ఓవర్లో 23 పరుగులు కావాల్సి ఉంటే ధోని బాది గెలిపించింది అందరికీ గుర్తే. ఆ రెండు వారాలు ఈ ఊరి హోటళ్లలో ఏం జరిగిందో మాత్రం ఎవరికీ పట్టలేదు.

మామూలుగా మే అంటే పెళ్లిళ్లు, సెలవుల జనం. నెల రోజుల ముందు గదులడిగితే ఎవరూ ఇవ్వలేరు. కానీ ఆ మేలో శుక్ర మూఢం. ముహూర్తాల్లేవు. బ్యాంకెట్ హాళ్లన్నీ బోసిపోయి ఉన్నాయి. మావాడు అప్పటికి ఒక హోటల్లో బ్యాంకెట్ మేనేజర్. అతని టేబుల్ మీద బుకింగ్ డైరీ పక్కనే గంటల పంచాంగం ఎప్పుడూ ఉండేది. దేవుడి మీద భక్తి ఎంతో నాకు తెలీదు గానీ, మూఢం ఎప్పుడొస్తుందో, ఆషాఢం ఎప్పుడు మొదలవుతుందో మాత్రం పురోహితుల కన్నా ముందే చెప్పేవాడు. ఆ వేసవికి ఖాళీ హాళ్లని ఏం చేయాలా అని సంక్రాంతి నుంచే తల పట్టుకున్నాడు. కోర్టు మాట పేపర్లో చదవగానే వాళ్ల జీఎం దగ్గరికి వెళ్లి, హాల్లో సగం జట్టు భోజనాలకి, సగం ఫిజియో బల్లలకి, కిట్ బ్యాగులకి ఇచ్చేద్దామన్నాడట.

మ్యాచ్ ముగిసి, బహుమతులు అయ్యి, పీఎం పాలెం నుంచి బస్సు బీచ్ రోడ్డుకి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పుడు వేడి భోజనం కావాలి. ఒకరికి ఉప్పు లేకుండా, ఒకరికి నూనె లేకుండా, ఒకరికి ఇంట్లో అమ్మ చేసినట్టు పప్పన్నం. ఐస్ బాత్‌కి ఐస్ చాలకపోతే ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పిద్దామని ఎవరో అన్నారట. "నీసు వాసనతో వీళ్లని రేపు గ్రౌండ్‌కి పంపుదామా?" అని మావాడు ఊరంతా తిరిగి క్యూబ్‌లు పోగేశాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఐస్ బస్తాల సంఖ్య పెరుగుతూ ఉంటుంది, అది వేరే విషయం.

అంతకు ముందు, 2014 అక్టోబర్ 14న వెస్టిండీస్‌తో వన్డే జరగాల్సి ఉండగా 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మ్యాచ్ రద్దు. మావాడి హోటల్లో ఒక్క రాత్రిలో అద్దాలు పోయాయి, జట్ల కోసం ఉంచిన గదులు ఖాళీ. రెండు రోజుల్లో అవే గదులు అట్టలు కట్టుకుని కరెంటు పనివాళ్లకి, అధికారులకి, విలేకర్లకి వెళ్లాయి. ఏడవడానికి టైమ్ లేకపోవడం కూడా ఆ వృత్తిలో ఒక శిక్షణే.

ఇలాంటి మనిషి తర్వాత లీగుల ఏర్పాట్లలోకి, అక్కడి నుంచి క్లబ్బులోకి వెళ్లడం నాకు గెంతులా అనిపించలేదు. అతిథుల చేతిలో ట్రాలీ బదులు రాకెట్ వచ్చింది, అంతే. లోకానికి సెలవైతే అతనికి డ్యూటీ అనేది మాత్రం మారలేదు. దసరాకి, సంక్రాంతికి, డిసెంబర్ 31కి ఇంట్లో ఉండడు. ఆ పైన ఇప్పుడు ఆదివారాలు కూడా పోయాయి.

మాస్టారి పక్షాన

ఇదంతా మాస్టారికి చెప్పాను. శివాజీ పార్కు దగ్గర బెంచీ మీద కూర్చుని ఓపిగ్గానే విన్నారు. తర్వాత ఒక్క మాటన్నారు: "ఏటి బాబూ, గదులు నింపడం వేరు, పిల్లల్ని తయారుచేయడం వేరు. జ్యోతి యర్రాజి ఏ క్లబ్బులో మెంబరు?"

దీనికి వెంటనే జవాబు దొరకలేదు. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ ఆసియా చాంపియన్ అయిన అమ్మాయి ఈ ఊరి పిల్ల. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో, ఆసుపత్రిలో పని చేసి పెంచింది. ఆమెలో పొడుగు, పరుగు చూసి హర్డిల్స్ వైపు తిప్పింది పోర్ట్ హైస్కూల్ వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత ఆమె హైదరాబాద్ వెళ్లింది, ఆ తర్వాత భువనేశ్వర్. పోర్ట్ స్కూల్లో ఆ మాస్టారు లేకపోతే, మావాడి లాంటి మేనేజర్లు పాతికమంది ఉన్నా ఆమె దొరికేది కాదు. పైగా హర్డిల్స్ ట్రాక్ ఎంత చోటు తింటుందో, గంటకి ఎంత తెస్తుందో లెక్క వేస్తే హోటల్ మనిషి మొదట తీసేసేది దాన్నే. అదే చోటులో నాలుగు బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు పడతాయి. శనివారం రాత్రి ఐటీ కుర్రాళ్లు రేటు కూడా అడక్కుండా బుక్ చేసుకుంటారు.

నితీశ్ కుమార్ రెడ్డి సంగతీ అంతే. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన గాజువాక కుర్రాడి వెనక, కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఉన్నాడు. ఏ స్పోర్ట్స్ ఎగ్జిక్యూటివ్ లేడు.

నేను కళ్లారా చూసినది కూడా ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రం ఊళ్లో ఒక క్లబ్బుకి (మావాడిది కాదు) వెళ్తే, గేటు దగ్గర ఒక తండ్రి, పదేళ్ల కూతురు బైకు మీద ఆగి ఉన్నారు. కొమ్మాది అవతల నుంచి వచ్చారు. లోపల ఏదో కంపెనీ వాళ్ల టోర్నమెంటు, కోచింగ్ లేదట. మెసేజ్ పెట్టామంటాడు సెక్యూరిటీ. రాలేదంటాడు తండ్రి. పిల్ల రాకెట్ కవర్ జిప్పు లాగుతూ, మూస్తూ నిలబడింది. లోపల స్నాక్స్ కౌంటరు పెట్టారు, మైకులో ఎవరో జోకులేస్తున్నారు. హోటల్ భాషలో ఇది మంచి రోజే. అన్ని కోర్టులూ ఫుల్, ప్లేట్లు అదనం. ఆ తండ్రి కట్టే నెల ఫీజు ఆ కంపెనీ కట్టినదాని ముందు ఎంత?

బఫే మాట మాస్టారు ఊరికే అనలేదు.

ఖాళీ గంటలు ఎవరికి పనికొస్తాయి

మావాడినే అడిగాను. క్లబ్బు క్యాంటీన్లో కూర్చున్నాం. టీ తెచ్చిన కుర్రాడు సాసర్లో ఒలికిస్తే, కళ్లతోనే వాడికి చెప్పాడు, వాడు వెళ్లి మార్చుకొచ్చాడు. ఈ అలవాటు పోదు.

"ఖాళీ కోర్టులు పేదపిల్లలకి ఇవ్వొచ్చు కదరా" అన్నాను.

"ఇస్తాను. ఏ టైముకి ఇమ్మంటావు?"

"నీకు ఖాళీ ఎప్పుడు?"

"పదకొండు నుంచి నాలుగు."

ఇద్దరం నవ్వాం. పదకొండు నుంచి నాలుగు పిల్లలు బళ్లో ఉంటారు. వాళ్లకి కుదిరేది పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు. సరిగ్గా అప్పుడే డాక్టర్లు, బిల్డర్లు, ఆఫీసర్లు కూడా వస్తారు, పూర్తి రేటు కట్టి. ఖాళీ గంటల్ని తెలివిగా నింపడం మావాడికి బాగా వచ్చు. పదకొండుకి ఆడవాళ్ల బ్యాచ్ పెట్టాడు, రెండింటికి నైట్ షిఫ్టు ఐటీ వాళ్లని తెచ్చాడు, రిటైరైన నేవీ వాళ్లకి క్యారమ్స్ గది ఇచ్చాడు. అందరికీ మేలే. కానీ ఆ తెలివి ఎంత పెరిగినా పదేళ్ల పిల్లకి ఒక్క గంట కూడా మిగలదు. ఆమెకి కావాల్సింది ఖరీదైన గంట. దాన్ని వదులుకోమని లాభం చూపించాల్సిన మనిషిని అడుగుతున్నాం.

మేనేజరుకి మంచి మనసుండాలనీ, పిల్లల్ని చూసుకోవాలనీ చాలామంది రాస్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. మావాడికి మంచి మనసుంది, నేను చూశాను. నెలాఖరున యజమాని ముందు పెట్టే షీట్‌లో మాత్రం మనసుకి గడి లేదు. రెండు నెలలు మంచితనం చూపిస్తాడు, మూడో నెల "పీక్ అవర్స్‌లో ఆదాయం ఎందుకు తగ్గింది?" అని అడుగుతారు, నాలుగో నెల ఇంకో మేనేజర్ వస్తాడు.

మాజీ ఆటగాళ్ల చేతిలో పెడితే బాగుంటుందా? వాళ్లు నడిపిన చోట్లు కూడా చూశాం. షటిల్ కోర్టు చెక్క ఉబ్బిపోతే ఆరు నెలలు చాప పరిచి ఆడించడం, బాత్రూముకి తాళం వేసి తాళం చెవి ఇంటికి పట్టుకెళ్లడం, నిధులు రాలేదని నిట్టూర్పు. ఆడపిల్లల తల్లులు మొదట చూసేది బాత్రూమే. అది శుభ్రంగా లేక ఆట మానేసిన పిల్లలు ఎంతమందో ఏ సంఘం లెక్కలోనూ ఉండదు. ఆ ఒక్క విషయంలో హౌస్ కీపింగ్ తెలిసినవాడు వందమంది మాజీ క్రీడాకారులకి పెట్టు. ఇది మాస్టారి ముందు కూడా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, తల కూడా ఊపలేదు.

హౌస్ యూజ్

హోటల్ లెక్కల్లో హౌస్ యూజ్ అని ఒక పద్దు ఉంటుంది. కొన్ని గదులు అమ్మకానికి రావు. డ్యూటీ మేనేజర్ పడుకోవడానికో, ఇంజినీరు రాత్రి ఉండడానికో పక్కన పెడతారు. రోజువారీ రిపోర్టులో ఆ గదుల్ని వేరే గీత కింద చూపిస్తారు. వాటిని ఎందుకు అమ్మలేదని ఎవరూ మేనేజర్ని నిలదీయరు, ఎందుకంటే అవి మొదటి నుంచీ అతని చేతిలో లేవు. హోటల్ ఫుల్ అయిన రాత్రి కూడా ఆ గది తాళం ఇవ్వరు.

పిల్లల గంటలు క్లబ్బులో ఇలాగే ఉండాలని నా వాదన. ఊళ్లో ఆటస్థలాలు చాలావరకు ప్రజల నేల మీద ఉన్నాయి. పోర్టుది, నగర కార్పొరేషన్ జీవీఎంసీది, యూనివర్సిటీది, రైల్వేది. నడపడానికి ప్రైవేటు వాళ్లకి లీజుకిస్తే నాకు అభ్యంతరం లేదు, మావాడి లాంటి వాళ్లకి పని దొరుకుతుంది, లైట్లు వెలుగుతాయి. కానీ లీజు కాగితం మీదే రాయాలి: ఇన్ని కోర్టులు, పొద్దున ఇన్నింటి నుంచి ఇన్నింటి వరకు, సాయంత్రం ఇంతసేపు, ఫలానా బడుల పిల్లలకి. ఏ కంపెనీ టోర్నమెంటు వచ్చినా ఆ గంటలు కదలవు. దానికి తగ్గట్టు అద్దె తగ్గించాలి, ఎందుకంటే ఉచితంగా ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. రిజిస్టర్‌లో పిల్లల హాజరు ఉండాలి, దాన్ని బడి పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు, సంతకం పెట్టి చూడాలి. ట్రాక్ లాంటివి, ఎప్పటికీ డబ్బు తేనివి, అసలు లీజులోకే రాకూడదు. అవి ప్రభుత్వం తన చేత్తో చేసుకోవాల్సిన పనులు.

ఇలా రాస్తే ఎవరూ లీజుకి ముందుకు రారని ఒక మిత్రుడన్నాడు. కావచ్చు. పోర్టో కార్పొరేషనో అద్దె మీద ఆశ కొంత చంపుకోవాల్సి ఉంటుంది, అది ఎంతవరకు జరుగుతుందో నాకూ అనుమానమే. అధికారులు మారినప్పుడల్లా నిబంధనలు నీరుగారడం మనం చూడనిది కాదు. బడి పీఈటీ పోస్టు ఖాళీగా ఉంటే రిజిస్టరు మీద సంతకం ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. మాస్టారు దీనికి తానే ముందుకొచ్చారు. రిటైరైన పీడీలు, పీఈటీలు ఊళ్లో చాలామంది ఉన్నారనీ, పొద్దున్నే నడకకి ఎలాగూ లేస్తారనీ, క్లబ్బుకొకరు చొప్పున పోయి లెక్క చూసుకుంటారనీ అన్నారు. జీతం అక్కర్లేదట, టీ ఇస్తే చాలట.

మావాడికి ఈ హౌస్ యూజ్ సంగతి చెప్తే కాసేపు ఫోన్‌లో కాలిక్యులేటర్ నొక్కాడు. పొద్దున రెండు కోర్టులు, వారానికి ఆరు రోజులు. ఎంత పోతుందో నాకు చూపించలేదు.

"లీజులో రాసిస్తే చేస్తాను. అడిగేవాడికి కాగితం చూపిస్తాను. రాయకుండా నన్ను చేయమంటే మాత్రం కుదరదురా, నేను జీతగాణ్ని" అన్నాడు. తర్వాత, "మాస్టారి టీ ఖర్చు మాత్రం నాది" అన్నాడు.